ముచ్చట్ల మేడమ్ చుట్టరికాలు

మేడమ్ పోయిన పదిహేను రోజులకు మా దవాఖానల సంతాప సభ వెట్టిండ్రు. మీటింగ్ హాల్ల ఫోటో, ఫోటోకు దండ, పక్క టేబుల్ మీద సమోసలు. పెద్ద డాక్టర్ నా దిక్కు తిరిగి, "సిస్టర్, మీరు ఇన్నేండ్లు ఆమెతోని తిరిగిండ్రు గద, ఆమె వృత్తిల సాధించిన విజయాల మీద ఐదు నిమిషాలు మాట్లాడుండ్రి" అన్నడు. నేను లేసి మైకు వట్టుకున్న. విజయాలు! నా నోట్లెకు ఒక్కటంటె ఒక్కటి రాలే. "మేడమ్ మంచిది" అన్న. అనంగనే ఏదో యాదికొచ్చి నవ్వొచ్చింది. సంతాప సభల నవ్వితె ఏమన్న బాగుంటదా? దగ్గొచ్చినట్టు జేసి కూసున్న. అందరు నాకు దుఃఖం ఆగుతలేదనుకొని నీళ్ల బాటిల్ ఇచ్చిండ్రు.

ఇంటికొచ్చినంక నా మీద నాకే మస్తు కోపమొచ్చింది. అందుకే రాస్తున్న. మేడమ్ పేరు రాయను, పేరు బయటవడుడు ఆమెకు అస్సలు పడదు. మిగిలినోళ్ల పేర్లు సుత మార్చిన. మార్చకుంటె కలలకొచ్చి తిడ్తది.

నేను నర్సును. పుట్టింది పెరిగింది కుత్బుల్లాపూర్, ఫ్యాక్టరీలల్ల పనిచేసేటోళ్ల బస్తీ. నల్లా కాడ కొట్లాడి కొట్లాడి నోరు నేర్సినదాన్ని. నా పని కండ్లకు కనవడ్తది. సూది ఏసిన, బీపీ చూసిన, కట్టు గట్టిన. మా మనసు రోగాల వార్డుల మేడమ్ పని మాత్రం ఏందో ఎవలకు సమజ్ గాకపోతుండె. కాయిదం మీద క్లినికల్ సోషల్ వర్కర్ అని ఉంటుండె. ఒకనాడు ఒక పేషెంటు తల్లి అడిగింది, "డాక్టర్ మందు రాస్తడు, సిస్టర్ సూది ఏస్తది, మరి గీమె ఏం జేస్తది?" అని. మా వార్డు ఆయమ్మ చీపురు ఆపకుంటనే, "గీమె ముచ్చట వెడ్తది" అన్నది. ఆనాటి సంది ఆమె ముచ్చట్ల మేడమ్ అయింది.

మొదట్ల నాకు ఆమెను చూస్తె మండేది. నేను కాళ్లరిగేటట్టు తిరిగితె, ఈమె పేషెంటు మంచం మీద కూసోని పల్లీలు తినుకుంట నవ్వుతాంది, ఇద్దరికి జీతం ఒక్క తారీఖు నాడే వస్తాంది, ఇదెక్కడి న్యాయం అనుకునేదాన్ని. తర్వాత నన్ను ఆమెతోని ఊర్లల్ల డ్యూటీకి ఏసిండ్రు. దవాఖానకెల్లి ఇంటికి వోయినోళ్లు గోలీలు ఏసుకుంటున్నరా, పనికి వోతున్నరా, ఇంట్లోల్లు మంచిగ చూస్తున్నరా అని చూసుడు. వారానికొకసారి, బేస్తారం నాడు, మేడ్చల్‌ల షేర్ ఆటో ఎక్కుడు, పొద్దుగూకినంక దిగుడు.

మేడమ్ పొట్టి మనిషి. కండ్లద్దాలకు దారం. భుజానికి ఒక బ్యాగు, అండ్ల సగం సంసారం ఉంటుండె. పల్లీలు, ఆధార్ కార్డుల జిరాక్సులు, పింఛన్ దరఖాస్తులు, సూది దారం, ఒక జత చెప్పులు. చెప్పులెందుకు మేడమ్ అంటె, "ఎవలికన్న తెగుతయి గద" అన్నది. ఆమె చెప్పులు తెగినప్పుడు మాత్రం ఆ జత ఎవలికో ఇచ్చేసి ఉండె, మేడ్చల్ దాక ఒట్టి కాళ్లతోని నడిసింది.

ఏ ఇంటికి వోయినా కుర్చీ తుడిసి ఏస్తరు గద, దాంట్ల కూసునేది గాదు. "కుర్చీల కూసుంటె నన్ను ఆఫీసర్ అనుకొని అన్ని అబద్ధాలు చెప్తరు సిస్టర్" అనేది. కింద కూసోని, "ఏదన్న పనియ్యుండ్రి చేతికి" అనేది. వాళ్లు మొహమాటపడుకుంట చాటల బియ్యమో చింతపండో ఇచ్చేటోళ్లు. అయ్యో, ఆమె చేతులు! ఏరిన బియ్యం మల్ల ఏరాలె. తీసిన చింతగింజలు మల్ల చింతపండులనే కలిపేది. కొన్ని ఇండ్లల్ల మేము వస్తున్నమంటె పని కనవడకుండ దాసేటోళ్లు. గని చాట మీద తల వంచి ఉన్నప్పుడే ఇంట్లోల్ల నోటెంట అసలు సంగతులొస్తుండె. మొకం చూసి అడిగితె రావు.

దుండిగల్ కాడ ఒక కొత్త కాలనీకి వోయినం. గేటు కాడ రిజిస్టర్ల పేరు, ఇంటి నంబరు, వచ్చిన పని రాయాలె. మేడమ్ వచ్చిన పని కాడ "ముచ్చట" అని రాసింది. వాచ్‌మన్ నవ్వి, "ఎవలతోని మేడమ్?" అన్నడు. "నీతోని సుత" అన్నది. ఇగ ఆడనే అరగంట. ఆయన ఊరు, ఆయన భార్య పుట్టింటికి వోయిన సంగతి, ఆయనకు నిద్ర పట్టకపోవుడు, అన్ని అయినంక లోపలికి వోతె మా పేషెంటు పండుకున్నది. నాకు కోపం తారాస్థాయికి వోయింది. "మేడమ్, మనం డ్యూటీల ఉన్నం" అన్న. "నేను ఉన్నది సుత దాంట్లనే" అన్నది. నెల తిరగకముందే ఆ వాచ్‌మన్ తనంతల తాను మా దవాఖానకొచ్చి చీటీ రాపిచ్చుకున్నడు. మేడమ్ నా దిక్కు చూడలే. చూస్తె నేను ఇంకా మండిపోతనని తెల్సు.

నెలకొకసారి మీటింగ్ ఉంటుండె. పెద్ద సార్ ఒకాయన వచ్చి ఒక్కొక్కలను లేపి అడిగేటోడు, ఈ నెల ఏం సాధించిండ్రు అని. ఒకాయన గిన్ని క్యాంపులు వెట్టినమన్నడు, ఇంకొకామె గిన్ని కరపత్రాలు పంచినమన్నది. మేడమ్ వంతు వచ్చింది.

"అలియాబాద్ దిక్కు ఒకామె మొన్న తల దువ్వుకున్నది సార్."

హాలంత గొల్లుమన్నరు. సార్ పెన్ను కింద వెట్టి, "ఇది అచీవ్‌మెంటా అమ్మా?" అన్నడు.

"జడ సుత ఏసుకున్నది సార్" అన్నది మేడమ్.

నాకైతె టేబుల్ కిందికి దూరాలనిపిచ్చింది. గని ఆ ఆడిమనిషి ఎంట్రుకలు నేను చూసిన. ఏడాది సంది దువ్వెన తగలక గట్టిగ గడ్డ కట్టి ఉండె. ఆనాడు ఆమె అద్దం ముందల కూసోని కొప్పెర నూనె రాసుకుంటుంటె ఆమె మొగడు గడప కాడ నిలవడి కండ్లు తుడుచుకున్నడు. అది లేసి నేను చెప్పాల్సింది ఆనాడు. నోరున్నదాన్నే, గని సార్ ముందల నోరు రాలే.

ఆమె రాసే రిపోర్టులు చూసి డాక్టర్ తల వట్టుకునేటోడు. "తోడికోడలు చారు మాడవెట్టింది, ఇద్దరు కల్సి నవ్విండ్రు" అని ఒక పేజీల ఉండె. "మేడమ్, పేషెంటు పరిస్థితి రాయుండ్రి" అంటె, "నవ్విండ్రు అని రాసిన గద సార్" అన్నది.

ఇగ అసలు ముచ్చటకొస్తున్న. మనసు బాగలేదని దవాఖానకు వోవుడంటె మన దిక్కు ఇంకా పరేషానే. జ్వరమొస్తె వాడకట్టంత చెప్పుకుంటరు, దీనికి మాత్రం తలుపేసుకుంటరు. వాకిట్ల కొత్త మనిషి కనవడంగనే పక్కింటోళ్లు ఎవలొచ్చిండ్రని అడుగుతరు. అందుకని మేడమ్ ఒక పద్ధతి వెట్టుకున్నది. తానెవలో ఆ ఇంటోళ్లే చెప్పాలె. వాళ్లు ఏ వరస వెడితె ఆ వరస. తాను కాదనది. బజార్ల పేషెంటు ఎదురైతె తాను ముందుగాల పలకరియ్యది.

నాకు ఆ పద్ధతి తెల్వక, ఒకసారి మేడ్చల్ కూరగాయల మార్కెట్ల మా పాత పేషెంటును చూసి, "ఏందన్నా, గోలీలు ఏసుకుంటున్నవా?" అని ఒర్రిన. మేడమ్ నా చెయ్యి గిచ్చింది చూడుండ్రి, వారం దాక మరక వోలే. ఆటో ఎక్కినంక, "వంకాయలమ్మే ఆమె ఇన్నది సిస్టర్. ఇగ ఆయన ఆమె కాడికి వోతడా?" అన్నది. నిజంగనే ఆయన ఆ దుకాణం కాడికి వోవుడు బందు వెట్టిండు. నాకు శాన బాధైంది, గని మేడమ్ ముందల ఒప్పుకోలే.

గట్ల ఒక ఇంట్ల ఆమె ఇన్సూరెన్స్ ఏజెంటు. ఇంకో ఇంట్ల కుట్టుమిషిన్ నేర్పే టీచరు. ఆ టీచరు యవ్వారం మా పానాలు తీసింది. పక్కింటామె జాకెట్టు బట్ట వట్టుకొచ్చి, "మేడమ్, ఆది జాకెట్టు గిదే, కుట్టియ్యి" అన్నది. కాదంటె ఇంటోళ్ల గుట్టు బయటవడ్తది. మేడమ్ బట్ట తీసుకొని మేడ్చల్‌ల మంచి టైలర్‌కు ఇచ్చి కుట్టిచ్చి తెచ్చింది. పక్కింటామె ఏసుకొని చూసి మురిసిపోయింది. మల్ల బేస్తారానికి వాడకట్టుల ఐదుగురు ఆడోళ్లు బట్టలు వట్టుకొని నిలవడ్డరు. ఆ ఇంటి పేషెంటుకు నయమైందాక నేను మూట మోసిన.

ఎక్కువ ఇండ్లల్ల మాత్రం ఆమె చుట్టమే. ఒకాడ మేనత్త, ఒకాడ అక్క, ఇంకోకాడ చిన్నమ్మ. "మీకు గింతమంది చుట్టాలేంది మేడమ్?" అంటె, "అసలుది ఒక్కరు లేరు సిస్టర్, అందుకే" అని నవ్వేది. ఒక్కతే ఉండేది ఆమె. ఆ మాట అన్నప్పుడు నేను గూడ నవ్విన.

శామీర్‌పేట దిక్కు ఒక ఊర్ల యాదమ్మ అని ఉండె. పెనిమిటి చెరువుల వల ఏసి చేపలు వడితె, ఆమె గంపకెత్తుకొని మేడ్చల్‌ల అమ్మేది. మస్తు నోరు. ఒకనాడు బేరం నడిమిట్ల గంప ఆడనే ఇడిసిపెట్టి, ఇంటికి వోయి గోడ దిక్కు మొకం వెట్టి కూసున్నది. ఇగ మాట లేదు, తిండి లేదు. పెనిమిటి మా దవాఖానకు తెచ్చిండు. మందులు మొదలువెట్టినంక తిండి తిన్నది గని, మాట రాలే. మేడమ్ వోయి ఏం జేసిందంటె, తాను సుత గోడ దిక్కు మొకం వెట్టి యాదమ్మ పక్కన కూసున్నది. ఒళ్లె చాట, చాటల ఎల్లిపాయలు. ఒలుసుడు రాదాయె, గోర్లతోని గీకి గీకి సగం ఎల్లిపాయ పొట్టుతోనే వారేసేది. ప్రతి బేస్తారం గిదే. నేను వెనుక కూసోని ఇద్దరి వీపులు చూసేదాన్ని. ఇంతకన్న పనికిమాలిన డ్యూటీ భూమ్మీద లేదనుకున్న.

ఐదో బేస్తారమో ఆరో బేస్తారమో, గోడ దిక్కే చూసుకుంట యాదమ్మ అన్నది, "ఎల్లిపాయ గట్లనా ఒలిచేది?"

మేడమ్ చాట ఆమె ఒళ్లెకు జరిపింది. "మరెట్లనో చూపియ్యి."

నేను బయటికొచ్చి బర్ల కొట్టం ఎనుక నిలవడి ఏడ్చిన. ఒక్క మాట కోసం గన్ని దినాలు ఓపిగ్గ కూసున్న మనిషిని నేను ఎన్నడు చూడలే.

ఊరోళ్లకు మేడమ్‌ను యాదమ్మ, "మా అక్క, చిన్నాయన బిడ్డ" అని చెప్పింది. మంచిగ కోలుకున్నది, మల్ల గంప ఎత్తింది. ఒక్కటే భయం ఉండె ఆమెకు. "నా బిడ్డ లగ్గానికున్నది అక్కా. తల్లికి పిచ్చి లేసిందని తెలిస్తె దాన్నెవలు చేసుకుంటరు? ఎవలకు చెప్పకు" అని మేడమ్ రెండు చేతులు వట్టుకున్నది. "నీ అంతల నువ్వు చెప్తె తప్ప నా నోట్లెకెల్లి రాదు" అన్నది మేడమ్.

ఇటు అలియాబాద్ దిక్కే ఇంకో ఇల్లు, సత్తెమ్మది. ఆమె పెద్దకొడుకు నర్సింగ్ టిప్పర్ నడిపేటోడు. రోడ్డు మీద ఒక యాక్సిడెంట్ కండ్లార చూసినంక వానికి గాబరా వట్టుకున్నది. గుండె ఆగిపోతాందని ఛాతి వట్టుకొని దవాఖానకు ఉరికొస్తడు. పరీక్ష జేస్తె గుండె దిట్టంగ ఉంటది. బండి ఎక్కాలంటె చెమటలు. మేడమ్ వాన్ని మొదలు ఆటోల ఒక్క స్టాపు కూసోవెట్టింది, తర్వాత రెండు, తర్వాత బస్సు. ఆఖరికి వాని టిప్పర్ల పక్క సీట్ల తాను ఎక్కి కూసున్నది. వానికి ఏం గాలే. మేడమే దారిపొడుగూత వాంతులు చేసుకున్నది. వాడు బండి ఆపి నీళ్లిచ్చి, "భయపడకు మేడమ్, లోతుగ గాలి పీల్చుకో, నేనున్న గద" అని ధైర్యం చెప్పిండట. సత్తెమ్మకు అత్త ఒకామె ఉన్నది, ముసలామె, చెవులు చెరువు అవుతల దాక ఇంటయి. ఆమె అడుగుతె సత్తెమ్మ, "మా చెల్లె, చిన్నాయన బిడ్డ" అని చెప్పింది. మా మేడమ్ సరే అన్నది.

ఒకనాడు యాదమ్మ పొద్దుగాలనే ఫోన్ జేసి పిలిస్తె, ఆమె బిడ్డ లగ్గానికని మేడమ్ నన్ను ఎంట తీసుకొని వోయింది. పగటి లగ్గం, శామీర్‌పేట రోడ్డు మీద ఫంక్షన్ హాల్. ఆటోల కూసోని పల్లీల కోసం ఆమె బ్యాగుల చెయ్యి వెట్టిన. లగ్గం పత్రికలు రెండు చేతికొచ్చినయ్. ఆమెకు వచ్చే పత్రికలు ఇప్పి సదివేదే గాదు, ఇచ్చినోళ్ల పేరు పైన రాసుకొని బ్యాగుల ఏసేది. ఒకదాని మీద యాదమ్మ అని ఉన్నది, ఇంకోదాని మీద సత్తెమ్మ చిన్నకొడుకు అని ఉన్నది. ఊకె కూసోలేక రెండు ఇప్పి సదివిన.

"మేడమ్, ఒక్క హాల్ల ఒక్క ముహూర్తానికి రెండు లగ్గాలు ఎట్లైతయి?"

మేడమ్ అద్దాలు సదురుకొని రెండు పత్రికలు పక్కపక్కన వెట్టి చూసింది. పిల్ల పేరు ఒక్కటే. పిలగాని పేరు ఒక్కటే. "అమ్మో!" అన్నది. యాదమ్మ బిడ్డను చేసుకునేది సత్తెమ్మ చిన్నకొడుకు. ఒక ఇంట్ల ఇంకో ఇంటి మాట ఎత్తని మనిషాయె, ఇటోళ్లకు అటు సంగతి తెల్వదు, అటోళ్లకు ఇటు సంగతి తెల్వదు. "ఆటో తిప్పు బిడ్డా" అన్నది డ్రైవర్‌తోని. అప్పటికే హాలు గేటు కాడ ఆగింది. యాదమ్మ ఉరికొచ్చి మేడమ్ చెయ్యి వట్టుకొని లోపలికి గుంజుకపోయింది.

ఎదుర్కోళ్లు నడుస్తున్నయ్. పిల్లోళ్లు ఒక దిక్కు, పిలగానోళ్లు ఒక దిక్కు, నడుమ బ్యాండు. చక్కెర నోట్లె వెట్టుకుంట ఎవలు ఏమైతరో చెప్పుకుంటున్నరు. మేడమ్ ఒక స్తంభం ఎనుకకు నక్కింది. యాదమ్మ ఇడిస్తెనా? ముందటికి తెచ్చి, సత్తెమ్మ అత్త నోట్లె చక్కెర వెడుతూ, "గీమె మా అక్క, చిన్నాయన బిడ్డ" అన్నది.

ముసలవ్వ చక్కెర నములుడు ఆపింది. "గీమె నా కోడలికి చెల్లె గద!" అన్నది.

సత్తెమ్మ మొకం తెల్లవడ్డది. యాదమ్మ మొకం అంతకన్న తెల్లవడ్డది. ముసలవ్వ చెయ్యి ఎత్తి బ్యాండోళ్లను ఆపింది. "ఆగుండ్రి! గీమె పిల్ల తల్లికి అక్క. పిలగాని తల్లికి చెల్లె. అందరు ఒక్క చిన్నాయన బిడ్డ అనే అంటున్నరు. అంటె పిల్ల తల్లి, పిలగాని తల్లి అక్కాచెల్లెండ్లు. అంటె పిల్లా పిలగాడు?" ఇగ ఆఖరి ముక్క ఆమె అనలే, గుండెల మీద చెయ్యేసుకొని కుర్చీల కూలవడ్డది. హాలంత గుసగుస. అన్నాచెల్లెల్ల వరసంట. అయ్యగారు పీటల కాడికెల్లి లేసొచ్చి, "వరస తప్పితె నేను మంత్రం సదవనమ్మా" అన్నడు.

ఒకాయన, "స్నేహితురాలై ఉంటది తియ్యుండ్రి, ఊకె వరస కలిపి పిలుస్తరు" అని సర్దవోయిండు. ముసలవ్వ మల్ల లేసింది. "స్నేహితురాలైతె మూడేండ్లు నాకు చెల్లె అని ఎందుకు చెప్పినవే సత్తెమ్మా? ఏం దాస్తున్నవు?" అసలు చిక్కు గాడనే ఉన్నది. చుట్టం కాదంటె మరి ఎవలని అడుగుతరు. ఎవలో చెప్తె యాదమ్మ గుట్టు బయటవడ్తది, లగ్గం పీటల మీద ఆగుతది. యాదమ్మ చక్కెర పళ్లెం వట్టుకొని మేడమ్ దిక్కే చూస్తాంది. నేను మేడమ్ చెవుల, "చెప్పేయి మేడమ్, ఇగ తప్పదు" అన్న. "అది చెప్పనీకె నాది గాదు సిస్టర్" అన్నది.

అని నడిమిట్లకు వోయి నిలవడ్డది. "నేను ఎవలకు చుట్టాన్ని గాదు" అన్నది గట్టిగ. "ఇన్సూరెన్స్ ఏజెంటును. పాలసీలు చేపిద్దామని ఇండ్లల్ల సొచ్చి, ఒకాడ అక్క, ఒకాడ చెల్లె అని వరసలు కలుపుకున్న. వీళ్లు అమాయకులు, నమ్మిండ్రు. తప్పంత నాది. లగ్గం కానియ్యుండ్రి, నేను వోత."

గింత పచ్చి అబద్ధం ఆమె తనకోసం ఎన్నడు ఆడలే.

వోనిస్తరా? "లగ్గాలల్ల గూడ సొచ్చిండ్రు దొంగలు!" అని ఒకడు. "పోలీసులకు ఫోన్ గొట్టుండ్రి" అని ఇంకొకడు. ఒక పెద్దమనిషి ఆమె బ్యాగు గుంజుకొని నేల మీద బోర్లిచ్చిండు. పల్లీలు, దారపుండ, చెప్పుల జత, కట్టలు కట్టలు జిరాక్సులు. "చూసిండ్రా, ఎంతమంది ఆధార్ కార్డులో! ఎవలెవలను ముంచిందో సదువుండ్రి పేర్లు!" అన్నడు. ఆ కాయిదాలల్ల అందరు మా పేషెంట్లే. మేడమ్ ఒక్క దుంకు దుంకి కాయిదాల మీద కూసున్నది. ఫంక్షన్ హాల్ నడిమిట్ల, పట్టుచీర కట్టుకొని, గుడ్ల మీద కోడి పొదిగినట్టు. "లే" అంటె లేవది. ఎవలో భుజం వట్టి గుంజిండ్రు. నా నోరు ఇగ ఆగుతదా, "ఓ పెద్దమనిషీ, చెయ్యి తియ్యి!" అని ఉరికిన. ఉరికితె మేడమ్ కింద కూసునే నా కాలు గట్టిగ వట్టుకున్నది, మాట్లాడకు అని.

"ఆమెను ఇడువుండ్రి!"

మేడ్చల్ మార్కెట్ల చేపలమ్మిన గొంతు అది. యాదమ్మ. చేతుల పళ్లెం కింద వడ్డది, చక్కెరంత నేల పాలైంది.

"ఆమె దొంగ గాదు. నాకు అక్క గూడ గాదు. నాకు పానం బాగలేకుండె. గోడ దిక్కు చూసుకుంట నెలలకు నెలలు కూసున్న. మాట రాలే. చెరువుల వడి సద్దామనుకున్న. పిచ్చి అనుకుంటరా, అనుకోండ్రి. గీమె దవాఖాన మేడమ్. నా పక్కన వచ్చి కూసున్నది. గంతే. గీమెను నా కండ్ల ముందల దొంగ అంటె, నా బిడ్డ లగ్గం ఆగినా సరే, నేను ఊకోను."

అన్నది, అని గౌరీపూజ పీట మీదున్న బిడ్డ దిక్కు చూసింది. చూసి, ఆడనే నేల మీద కూలవడి రెండు చేతులతోని మొకం కప్పుకున్నది. మేడమ్ కండ్లు మూసుకున్నది.

నర్సింగ్ వచ్చి ఆ పెద్దమనిషి చేతులకెల్లి ఖాళీ బ్యాగు తీసుకొని, కింద వడ్డ పల్లీలు ఏరుడు మొదలువెట్టిండు. వాని ఎనుక సత్తెమ్మ. అత్త ముందల నిలవడి, "నాకు చెల్లె గాదు అత్తా. నర్సింగ్ గుండె ఆగుతాందని ఉరికినప్పటి మేడమ్" అన్నది.

"మరి నాకు గిన్నేండ్లు అబద్ధమెందుకు చెప్పినవే?"

"నీకు చెప్తె ఊరంత చెప్తవని."

ఎనుక ఎవలో కిసుక్కున నవ్విండ్రు. సత్తెమ్మ అత్తను దాటుకొని యాదమ్మ కాడికి వోయింది. కింద కూసోని, మొకం మీది చేతులు ఒకటెనుక ఒకటి తీసింది.

"ఏంది వదినె, గిట్ల కూసున్నవు? ముహూర్తం దాటుతాంది, లే" అన్నది.

వదినె అన్నది. యాదమ్మ ఆమె మొకం దిక్కు చూసి, ఆ మాట మల్లొకసారి ఇనాలన్నట్టు చూసి, బోరుమని ఏడ్చింది. సత్తెమ్మ ఆమె సంకల చెయ్యేసి లేపింది. ముసలవ్వకు మాత్రం ఇగ మాట దొరికింది. "వదినె అన్నది గద! వియ్యపురాండ్లు! వరస కుదిరింది, ఇంకేం చూస్తున్నరు, కొట్టుండ్రి బ్యాండు!" అని ఒర్రింది. అయ్యగారు పీటల కాడికి ఉరికిండు.

బ్యాండు సప్పుడుల మేడమ్ ఇంకా కాయిదాల మీదనే కూసోని ఉన్నది. అద్దాలు తీసింది. ఏడుస్తుంటె ఆమెను నేను ఆనాడే చూసిన. తుడుచుకునేదానికి ఏమన్న దొరుకుతదా అని చుట్టు తడిమి, నా చీర కొంగు అందితె గుంజుకొని కండ్లు తుడుచుకున్నది, ముక్కు సుత తుడుచుకున్నది. ఆనాడే మొదటిసారి కట్టిన చీర. ఇంకింత కొంగు ఆమె దిక్కు జరిపిన.